ఎముకలలోని మూలుగ: మనుష్యునిది, ప్రయోగశాల జంతువులది

మాంసాహారుల యిండ్లలో మూలుగ యనిన నేమో చెప్పనక్కఱలేదు. కాని ఆ మెత్తని పదార్థమే రక్తము పుట్టుచోటని 1868 వఱకు లోకమునకు తెలియదు. ఆ యేట కోనిగ్స్‌బర్గు నగరమున ఎర్నెస్టు నోయిమన్ అను వైద్యుడు కుందేళ్ల యెముకలను, మృతుల యెముకలను పరిశీలించి, ఎఱ్ఱకణములు మూలుగలోనే తయారగునని ప్రకటించెను. అనగా మనుష్యుని మూలుగను, జంతువు మూలుగను ప్రక్కప్రక్కనే పెట్టి చూచుట ఈ శాస్త్రమున తొలినుండియు నున్నదే.

బిడ్డకు మూలుగ పరీక్ష కావలెనని డాక్టరు చెప్పినంతనే తల్లిదండ్రులు బెదరుదురు. సాధారణముగా తుంటియెముకనుండి సూదితో కొద్దిపాటి మూలుగను తీసి, గాజుపలకపై పలుచగా పూసి, రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూతురు. కేంద్రక మేయాకారమున నున్నది, రేణువులు ఏ రంగు పట్టినవి, లేతకణము లెన్ని, ముదిరిన వెన్ని? చూచునది యింతియే. అయితే ఈ లెక్కలు ప్రతి ప్రాణికిని వేఱు.

పెద్దవారిలో ఎఱ్ఱని మూలుగ రొమ్ముటెముక, ప్రక్కటెముకలు, వెన్నుపూసలు, తుంటి మొదలగువానిలో నిలిచి, కాలుసేతుల పొడుగుటెముకలలో చాలవఱకు క్రొవ్వు నిండును. చిట్టెలుక కట్లుగాదు. దాని తొడయెముకలో పెద్దయైన పిదపను ఎఱ్ఱమూలుగయే యుండును. అది చాలక ప్లీహము సైతము రక్తమును చేయుచుండును. మన ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవింపగా దానిది 40 దినములే గదా! చిట్టెలుక తెల్లకణము ముదురునపుడు కేంద్రకము నడుమ బెజ్జముతో ఉంగరమువలె నగును. మనలో నది చిక్కుడుగింజవలె వంగి, పిదప తమ్మెలుగా విడును. కుందేలు న్యూట్రోఫిలు రేణువులు ఎఱ్ఱగా రంగు పట్టుటచే, అలవాటులేని కన్ను వానిని ఇయోసినోఫిలులని భ్రమించును. ఎలుక మూలుగలో లింఫోసైటులు మెండు; అన్నియు పెద్దవాని మూలుగలో కనబడిన వైద్యునికి అనుమానము కలుగును.

జంతువును నమ్ముటలోని చిక్కు మన దేశముననే బయటపడినది. బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భవతులకు వచ్చు తీవ్ర రక్తహీనతను పరిశోధింప లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928లో వచ్చెను. ఆమె మొదట ఎలుకలపై ప్రయోగములు చేసెను. తీరా చూడగా, వాని రక్తహీనతకు పేలు మోసుకొనివచ్చిన సూక్ష్మజీవి కారణమని తేలినది! పిమ్మట కోతులకు ఆ స్త్రీలు తిను ఆహారమువంటి దానినే పెట్టగా, వానికిని రక్తహీనత కలిగినది, ఈస్టుసారముతో కుదిరినది. గర్భవతులకును అదియే గుణమిచ్చెనని ఆమె 1931లో ప్రకటించెను.

ఆ సారములోని గుణకారి ఫోలికామ్లమని తరువాత తెలిసినది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున, 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసిరి. ఇది కొఱవడిన మనుష్యుని మూలుగలో ఎఱ్ఱకణముల తల్లికణములు మిక్కిలి పెద్దవై, లోని కేంద్రకము మాత్రము పక్వము గాక నిలిచిపోవును. ఎలుకలో ఈ కొఱతను పుట్టించుటయే కష్టము. దాని ప్రేగులలోని సూక్ష్మజీవులు ఫోలికామ్లమును చేయును. తన పెంటికలను తానే తినుటచే అది మరల దానికి దక్కును.

నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి యిచ్చుచున్న మాత్రలలో నున్నది ఈ ఫోలికామ్లమే.