ముప్ఫయి వాట్ల గాలి

వీవన, సురటి, వింజామర, విసనకర్ర. విసురుకునే సాధనానికి తెలుగులో యిన్ని మాటలున్నా, నడినెత్తిన తిరిగే దానిని మాత్రం మన యిళ్ళలో ఫాను అనే అంటారు. అంత అలవాటయిన వస్తువును గురించి కొత్తగా తెలుసుకోవలసింది యేముంటుంది అనిపిస్తుంది. రెక్కలు అవే మూడు. కాని యీ పది పన్నెండేళ్ళలో దాని పొట్టలో సంగతి మారిపోయింది.

పాత ఫానులో తీగచుట్టలకు కరెంటు అందగానే అయస్కాంత శక్తి పుడుతుంది. ఆ శక్తి తిరిగే భాగంలో మరొక కరెంటును పుట్టిస్తుంది. ఆ రెండింటి పెనుగులాటే ఫాను తిరగడం. తిరిగే భాగానికి సొంత అయస్కాంతం లేదు, అరువు తెచ్చుకోవాలి. అరువుకు వడ్డీ వుంటుంది కదా, అది వేడి రూపంలో పోతుంది. యిటువంటి ఫాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది.

దుకాణాల్లో బి.ఎల్.డి.సి. అని చూపిస్తున్న కొత్తరకంలో, తిరిగే భాగంలోనే శాశ్వత అయస్కాంతాలు అమర్చి వుంటాయి. ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు యే క్షణాన యే చుట్టకు కరెంటు అందాలో చూసి అందిస్తుంది. అరువు లేదు గనుక వడ్డీ లేదు. యించుమించు అంతే గాలికి 30 వాట్లు చాలు.

వేసవిలో పడకగది ఫాను రోజుకు 15 గంటలు తిరుగుతుందనుకోండి. 45 వాట్ల తేడా చొప్పున నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. యూనిటు ఆరు రూపాయలనుకుంటే 120 రూపాయలు. కొత్తది వెయ్యి రూపాయలు యెక్కువ పెట్టి కొన్నా తొమ్మిది నెలల వాడకంలో తీరిపోతుంది. మన కరెంటు చార్జీలు శ్లాబుల లెక్కన పెరిగేవి గనుక, పై శ్లాబు అంచున వున్న యింటికి యింకా కలిసివస్తుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఒక పాత ఫాను తిరిగే చోట రెండు కొత్తవి తిరుగుతాయి.

మరొక సంగతి చాలామంది గమనించరు. ఫాను గదిని చల్లబరచదు. ఒంటిమీది చెమటను ఆరబెడుతుంది. చల్లదనం ముఖ్యంగా ఆ ఆరడంలోనే వుంది. ఫాను తాగిన కరెంటు చివరకు గదిలో వేడిగానే మిగులుతుంది. మనిషి లేని గదిలో ఫాను వదలివెళ్ళేవారు డబ్బిచ్చి గదిని వేడిచేసుకుంటున్నారన్నమాట!

2023 జనవరి 1 నుంచి మన దేశంలో సీలింగు ఫాన్ల మీద నక్షత్రాల చీటీ తప్పనిసరి అయింది. నక్షత్రాలు మాత్రం చూసి మురిసిపోకండి. నిమిషానికి యెన్ని ఘనపు మీటర్ల గాలి విసురుతుందో కూడా అడగండి. వాట్లు తక్కువ, గాలీ తక్కువ అయితే బేరమేముంది?

యిక యిబ్బందులు. చాలా రకాలకు గోడమీది పాత రెగ్యులేటరు పనికిరాదు. దానిని తప్పించి తీగ కలపాలి. వేగం మార్చడానికి రిమోటు యిస్తారు. అది దుప్పట్లలో కలిసిపోయిన రాత్రి, “ఏమండీ, ఎక్కడ పెట్టారు?” అన్న ప్రశ్నకు యింట్లో యెవరి దగ్గరా జవాబుండదు.

అంతకంటె పెద్దది మరమ్మతు. పాత ఫాను నెమ్మదిస్తే తరచు కండెన్సరుదే లోపం, చవకగా మారుతుంది. చుట్ట కాలితే వీధి చివర వైండింగు షాపతను మళ్ళీ చుట్టి యిస్తాడు. కొత్త ఫానులో బోర్డు పోతే అతను చేతులెత్తేస్తాడు. అతని పనికి యిది దెబ్బే. మనకూ పూర్తిగా లాభమని నేననను. అందుచేత గారంటీ యెన్నేళ్ళు, అందులో బోర్డు వుందా, ఆ బోర్డు మీ వూళ్ళో దొరుకుతుందా అన్నవి డబ్బు చెల్లించకముందే తేల్చుకోవాలి.

ముందుగా మార్చవలసింది రాత్రంతా తిరిగే పడకగది ఫాను. తరువాత హాలుది. రోజుకు గంటసేపు తిరిగే చుట్టాల గదిలో మిగులు నెలకు ఎనిమిది రూపాయలే. పెట్టిన వెయ్యి తిరిగిరావడానికి పదేళ్ళు పైన పడుతుంది. అక్కడి పాత ఫానుకు కొత్త కండెన్సరు వేయించండి, చాలు.