కానరాని గాయమునకు సాక్ష్యము

ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో, మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన సంవత్సరమున, స్థాపింపబడినది. దాని ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో, రెండవ యుద్ధము మొదలైన సంవత్సరమున, ప్రారంభమైనది. ఆ భవనము ముందరి బాటలలో తెల్లవారుజామున నడకకు వచ్చువారిలో, తార్నాకలో ఇల్లు కట్టుకొన్న మాజీ హవల్దారు ఒకడు ఉన్నాడనుకొందము. అతడు మేము కల్పించుకొన్న మనిషి. కాని అట్టివారు పలువురు కలరు. 1999లో కార్గిల్ కొండలలో పోరాడినాడు. ఒంటిపై గీటైనను లేదు. అయినను దీపావళి నాడు వీధిలో టపాకాయ ప్రేలినచో గోడను ఆనుకొని కూర్చుండిపోవును. రాత్రి రెండు గంటలకు లేచి తలుపు గడియలు చూచుకొనును. చనిపోయిన తోటి సైనికుని పేరు ఎవరైన ఎత్తినచో విస్తరి ముందునుండి లేచిపోవును. "ఆయనకు కోపమెక్కువ" అని ఇంటివారు సరిపెట్టుకొందురు.

ఇది కోపము కాదు. పిరికితనము అంతకన్న కాదు. 1915లో చార్లెస్ మైయర్స్ అను ఆంగ్ల వైద్యుడు ఇట్టి సైనికులను గూర్చి వైద్యపత్రికలో వ్రాయుచు "షెల్ షాక్" అను మాటను వాడెను. ఫిరంగి గుండ్ల అదరుపాటునకు మెదడు దెబ్బతినుటయే కారణమని తొలుత పలువురు తలచిరి. గుండు దరిదాపులకు రానివారిలోను అవే లక్షణములు కనబడుటతో ఆ అభిప్రాయము నిలువలేదు. 1980లో అమెరికా మనోవైద్య సంఘము దీనిని ప్రత్యేక వ్యాధిగా తన గ్రంథమున చేర్చినది. ప్రాణాపాయమున మనస్సు అలవరచుకొన్న జాగరూకత, అపాయము తొలగిన పిదపను విడువకుండుట దీని స్వభావము. దీనికి చికిత్స కలదు.

మరి వైకల్యపు పింఛను మాట యేమి? రెండు ప్రశ్నలకు జవాబు కావలెను. వ్యాధి సైనిక సేవ వలన కలిగినదా, లేక సేవ వలన ముదిరినదా? వైకల్యము నూటికి ఇరువది పాళ్ళకు తగ్గకుండ ఉన్నదా? కాలు పోయినవానికి ఆసుపత్రి చీటీ ఉండును. మనస్సు గాయపడినవాడు ఆనాడు ఎవరితోను చెప్పుకొనలేదు. సైన్యములో ఆరోగ్యమును "షేప్" అను ఐదు అక్షరముల శ్రేణితో కొలుతురు. అందు మొదటి అక్షరము మనస్సుదే. ఆ అక్షరమునకు ఎదురుగా మార్కు తగ్గినచో పదోన్నతికి అడ్డు వచ్చునని భయము. ఆనాటి మౌనమే నేడు అతనికి ఎదురు సాక్ష్యమగుచున్నది.

చట్టము అతనిని పూర్తిగా విడిచిపెట్టలేదు. చేరునాటి వైద్యపరీక్షలో ఏ లోపమును వ్రాయనిచో, ఆరోగ్యకారణమున సేవనుండి పంపివేయబడినవాని వ్యాధి సేవ వలన కలిగినదని భావింపవలెనని 1982 నాటి నియమములు చెప్పినవి. రుజువు భారము సైనికునిది కాదని 2013లో ధరంవీర్ సింగ్ కేసున సుప్రీంకోర్టు స్పష్టపరచినది. అది మూర్ఛరోగమునకు సంబంధించిన కేసు. మనోవ్యాధుల దారి ఇంత సుగమము కాదు. అట్టి వ్యాధి చేరునాటి పరీక్షలో సాధారణముగా బయటపడదు గనుక, కాగితములో లేదను ఒక్క కారణము చాలదని 2019లో ఒక సైనికునికి అదే న్యాయస్థానము పింఛను నిరాకరించినది. వైద్యమండలి తన నిర్ణయమునకు కారణములు చూపలేదని 2025లో మరియొక సైనికునికి ఇప్పించినది. ఇంతలో, 2023లో, క్రొత్త నియమములు వచ్చినవి. కావున ఏ నియమములు తనకు వర్తించునో మొదట తెలిసికొనవలెను. పిదప ఊహపై ఆధారపడక సాక్ష్యము కూర్చుకొనవలెను.

సాక్ష్యమనగా నేమి? చేరునాటి వైద్యపత్రము, యూనిట్టు ఏ తేదీలలో ఎచ్చట నుండెనో తెలుపు కాగితములు, ఆసుపత్రి చీటీలు, విడుదలనాటి వైద్యమండలి నివేదిక. తనవద్ద లేనివాటికై రికార్డు ఆఫీసుకు వ్రాయవలెను. మనోవైద్యుని పరీక్ష తప్పనిసరి. అటుపై తన వాఙ్మూలము. "చెప్పలేని బాధ" అని వ్రాసిన అధికారికి ఏమియు తెలియదు. "వారమునకు నాలుగు రాత్రులు రెండు గంటలకు మెలకువ, ఆపైన నిద్ర లేదు, ఈ కారణమున ఫలానా నెలలో కాపలా ఉద్యోగము పోయినది" అనిన తెలియును. ప్రక్కన పోరాడిన సహచరుని లేఖ, భార్య లేఖ చేర్చవలెను. లేనిది ఒక్కటియు కలుపరాదు. ఒక్క అబద్ధము పది నిజములను చెరచును.

ఇచట ఒక హెచ్చరిక. ఆ దినమును తిరిగి వ్రాయుటయనగా దానిని తిరిగి అనుభవించుటయే. ఒక్క కూర్చుండులో ముగింపవలెనని పట్టుపట్టరాదు, ఒంటరిగా వ్రాయరాదు, వైద్యునికి ముందుగా చెప్పవలెను. రాత్రివేళ మనస్సు మరీ కలత చెందినచో 14416 అను టెలి మానస్ నంబరునకు ఫోను చేయవచ్చును.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము అర్జీ వ్రాయుటలో తోడ్పడును. అర్జీ త్రోసివేయబడినచో పై అధికారులకు అప్పీలు కలదు. ఆ పిదప 2007 చట్టముచే ఏర్పడి 2009 నుండి పనిచేయుచున్న సాయుధ దళముల ట్రిబ్యునల్ కలదు. ఈ పనికి మనస్సును గూర్చిన విద్య, న్యాయమును గూర్చిన విద్య రెండును కావలెను. ఆ రెండు శాఖలును మన హవల్దారు ప్రతి ఉదయము నడచు ఆవరణలోనే ఉన్నవి. విద్యార్థులు ఇట్టివారికి ఒక గంట కేటాయించిన అది గొప్ప సేవ యగును.

ఐనను మొదటి సాక్ష్యము ఇంటనే పుట్టవలెను. పాల లెక్క వ్రాసుకొను క్యాలెండరులోనే ఆ ఇల్లాలు రాత్రి మెలకువలను, ఉలికిపాటులను తేదీవారీగా గురుతు పెట్టుకొనవచ్చును. ఏడాది గడచునప్పటికి, ఆయనకు కోపమెక్కువ అని ఇన్నాళ్ళు అనుకొన్నది ఏమో ఆ కాగితమే చెప్పును: అధికారులకు, వైద్యులకు, ముందుగా ఆ ఇంటివారికి.