పాత వాచీ ఇస్తే కొత్త వాచీ: లాభమెవరికి?

"పాత బట్టలకు స్టీలు సామాన్లమ్మా!" అన్న కేక వినని ఇల్లాలు మన సికింద్రాబాద్ గల్లీల్లో ఉందా? రెండు చీరలు, మూడు ప్యాంట్లు పెడితే ఒక గిన్నె. ఇంకో చొక్కా వేస్తే దానికి మూత. గిన్నె చేతికొచ్చాక ఆ చీరలు ఎంత పెట్టి కొన్నామో ఎవరం లెక్క వెయ్యం. ఎక్స్‌చేంజ్ కిటుకంతా అక్కడే ఉంది.

1990లలో అకాయ్ వాళ్లు పాత టీవీ తెచ్చి కొత్త టీవీ పట్టుకెళ్లమని ప్రకటనలు గుప్పించారు. ఇప్పుడా పిలుపు స్మార్ట్ వాచీల దాకా వచ్చింది. "కొత్త మోడల్ రాగానే కొనెయ్యండి, తర్వాత పాతది తీసుకుని ధర తగ్గిస్తాం" అంటున్నారు.

మా ఇంట్లోనూ ఈ ముచ్చట జరిగింది. కిందటేడు అత్తయ్యగారు స్నానాల గదిలో కాలుజారి పడ్డారు. అప్పట్నుంచీ మా అబ్బాయిది ఒకటే గోల, మనిషి పడితే ఇంట్లోవాళ్లకి కబురు పంపే వాచీ నాన్నమ్మకి కొందామని. సరిగ్గా అప్పుడే నా చిట్టీ డబ్బు 40,000 చేతికొచ్చింది. "ధర చూడకమ్మా, రెండేళ్లాగితే ఎక్స్‌చేంజ్‌లో సగం తిరిగొస్తుంది" అన్నాడు.

ఆ సగం మాటేమిటో చూద్దామని మావారి మూడేళ్ల వాచీ పట్టుకుని దుకాణానికి వెళ్లాను. 18,000కు కొన్నది. అద్దం మీద గీత ఉందన్నాడు, చార్జింగు పూట కూడా నిలవట్లేదన్నాడు, అటూ ఇటూ తిప్పి 1,500 అన్నాడు. అదీ చేతికివ్వరు, కొత్తది కొంటేనే బిల్లులో తగ్గిస్తారు.

అతన్ని తప్పుపట్టి లాభం లేదు. జనరల్ బజారులో పాత గాజులు మార్చుకుంటే తరుగు, మజూరీ పోయినా బంగారం బంగారమే కదా! వాచీ అలా కాదు. వాడినా, బీరువాలో దాచినా బ్యాటరీ నీరసిస్తుంది. యాపిల్ మొదటి వాచీ మన దేశంలో 2015 నవంబరులో అమ్మకానికొచ్చింది. 2018లో వచ్చిన కొత్త సాఫ్ట్‌వేర్ దానికి ఎక్కలేదు. మూడేళ్లకే పాతబడింది! అందులో 18 క్యారట్ల బంగారంతో చేసి, అమెరికాలో 10,000 డాలర్ల నుంచి అమ్మిన రకం కూడా ఉంది. ఇవాళ దాంట్లో బంగారానికున్న విలువ లోపలి యంత్రానికి లేదు. ఇంకో సంగతి: పడిపోతే కనిపెట్టే సదుపాయం యాపిల్ వాచీలకు 2018లోనే వచ్చింది. తొందరపడి ముందే కొన్నవాళ్లకి అది దక్కలేదు.

అలాగని కొనొద్దనను. కొన్న ధరలోంచి ఎక్స్‌చేంజ్ ధర తీసేసి, నిజంగా వాడిన నెలలతో భాగించి చూడండి. మావారిది 16,500. మూడేళ్లకి పంచితే నెలకు దాదాపు 460, పరవాలేదనిపిస్తుంది. కానీ ఆయన అడుగులు లెక్కపెట్టుకున్నది మొదటి మూడు నెలలే, తర్వాత టైము చూడ్డానికే! ఆ లెక్కన నెలకు 5,500 పడింది. (ఈ మాట చెబితే ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు.)

ఎక్స్‌చేంజ్ చేసేవాళ్లు, అదే వాచీ పక్క దుకాణంలో ఎక్స్‌చేంజ్ లేకుండా ఎంతకిస్తున్నారో ముందు అడగండి. ఒక్కోసారి తేడా అక్కడే తేలిపోతుంది. పాతది ఇచ్చేముందు ఫోనుతో ఉన్న జత విడదీసి, లోపలి వివరాలన్నీ చెరిపించడం మరవకండి.

చివరికి మా ఇంట్లో తీర్పు చెప్పింది అత్తయ్యగారే. "స్నానానికి వెళ్లేటప్పుడు గాజులే తీసి గూట్లో పెడతాను, వాచీ ఉంచుకుంటానా?" అన్నారు. ఆవిడ పడింది ఆ గదిలోనే మరి! చిట్టీ డబ్బులోంచి ముందు స్నానాల గదిలో పట్టుకునే కమ్మీలు రెండు, జారని చాప ఒకటి వేయించాను. వాచీ సంగతి దీపావళికి చూద్దామన్నాను, అదీ కిందటేటి మోడలే.