వేలిముద్రయు, సమ్మతియు

నిజాము పాలనలో ప్రభుత్వ వ్యవహారములు ఉర్దూలో నడచెడివి. సూర్యాపేట ప్రాంతపు పల్లెలలో చదువెరుగని రైతు, తనకు తెలియని భాషలోని కాగితముపై బొటనవ్రేలు ఒత్తి ఇంటికి పోయెడివాడు. తాను దేనికి ఒప్పుకొనెనో పిమ్మటగాని తెలిసెడిది కాదు. నేడు కోదాడలో పరీక్షాఫలితము కొరకు సెల్‌ఫోను తెరచిన విద్యార్థి యెదుట ఆంగ్లమున ఒక ప్రశ్న నిలుచును: కుకీలన్నిటికిని సమ్మతింతురా? ఆతడును చదువకయే బొటనవ్రేలితో తాకి ముందుకు సాగును.

కుకీ యనగా వెబ్‌సైటు మన బ్రౌజరులో దాచి పోవు చిన్న చీటీ. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటూలీ దీనిని కల్పించెను. వెబ్‌సైటునకు స్వతహాగా జ్ఞాపకశక్తి లేదు. ఒక పుటనుండి మరియొక పుటకు పోయినచో వచ్చినవాడెవడో యెరుగదు. ఆ మతిమరుపునకు మందు కుకీ. సూర్యాపేట మార్కెట్ యార్డులో చీటీ చూడగానే ధాన్యపు రాశి యెవరిదో గుమాస్తాకు తెలిసినట్లే యిదియును. ఇందులో దోషము లేదు.

చిక్కు వేరొకచోట నున్నది. సూర్యాపేటలో విత్తనముల దుకాణము, కోదాడలో పుస్తకముల అంగడి, మిర్యాలగూడలో రైసుమిల్లు కలవనుకొందము. మూడు గడపలలోను ఒకే వర్తకుని మనుష్యులు కూర్చుండి, వచ్చినవాని చీటీపై గుర్తులు వేయుచున్నారు. ఏ దుకాణదారుకైనను తన బేరమే తెలియును. ఆ వర్తకునికి మాత్రము మూడూళ్ళ సంగతియు తెలియును. ప్రకటనల సంస్థలు పలు వెబ్‌సైట్లలో నాటు ‘థర్డ్ పార్టీ కుకీలు’ చేయు పని యిదియే.

ఇట్లు వెంబడించుట తప్పని చెప్పిన తొలి న్యాయమూర్తులలో తెలుగువాడొకడు కలడు. 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యెమున, పోలీసులు ఒకని కదలికలను కనిపెట్టుచుండుట సుప్రీంకోర్టు విచారణకు వచ్చెను. రాత్రివేళ ఇంటికి వచ్చి తనిఖీ చేయుటను మాత్రమే అధికసంఖ్యాకులు కొట్టివేసిరి. రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు భిన్నాభిప్రాయము వ్రాసి, ఏకాంతము వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమనిరి. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి వ్యాజ్యెమున, తొమ్మండుగురు న్యాయమూర్తులు ఆ మాటనే ఏకగ్రీవముగా నిలిపిరి.

ఆ తీర్పు వెనుక 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము వచ్చినది. సమ్మతి స్వేచ్ఛతో, తెలిసి యిచ్చినదై యుండవలెను. ఇచ్చుట యెంత సులభమో మరలించుకొనుటయు అంత సులభము కావలెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లల విషయమున తలిదండ్రుల సమ్మతి కావలెను. వారిని వెంబడించి ప్రకటనలు చూపుట సామాన్యముగా నిషిద్ధము. వీటన్నిటికంటె మనకు ముఖ్యమైన దొకటి కలదు: రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను సమ్మతిపత్రమును చదువుకొను వీలు కల్పింపవలెను. అందు తెలుగు కలదు. నియమావళి 2025 నవంబరులో వెలువడినది. అయినను సంస్థల ముఖ్య బాధ్యతలకు పదునెనిమిది నెలల గడువిచ్చిరి.

చట్టమున్నంత మాత్రమున మీట తిన్నగా నుండదు. ఐరోపాలో 2018 మే 25 నుండి కఠిన నిబంధన అమలులో నున్నను, నిరాకరించుట అంగీకరించినంత సులభముగా లేదని ఫ్రాన్సు అధికారులు గూగుల్ సంస్థకు 15 కోట్ల యూరోల జరిమానా విధించినట్లు 2022 జనవరిలో ప్రకటించిరి.

కనుక తలుపునకు గడియ మనమే వేసికొనవలెను. ఆండ్రాయిడ్ ఫోనులోని క్రోమ్ బ్రౌజరున సెట్టింగ్స్ తెరచి, సైట్ సెట్టింగ్స్‌లో థర్డ్ పార్టీ కుకీస్ అనుచోట ‘బ్లాక్’ ఎంచుకొనిన చాలును. సఫారీ బ్రౌజరు 2020 నుండి వానిని తనంతట తానే ఆపుచున్నది. ఇందువలన వెబ్‌సైటు వేసికొను సొంత చీటీకి భంగము రాదు. గడపలో కూర్చున్న పరాయివాని గుర్తు మాత్రము చెల్లదు.

ఉపాధ్యాయుడు తరగతిలో దీనికొక అరగంట కేటాయింపవచ్చును. ఒక సమ్మతి ప్రకటనను నల్లబల్లపై తెలుగున వ్రాయించి, ఎవరు ఏమి అడుగుచున్నారో పిల్లలచేతనే చెప్పించిన, వారి వ్రేలు మరునాడు ‘నిరాకరించు’ అను మీట యెచ్చటనున్నదో వెదకును.