చివర వచ్చి, ముందు వెళ్లేది

మన పాఠశాలల్లో రోజు మొదలయ్యేది ఉదయపు ప్రార్థనతో. మైకు ముందు నిలబడాలని అందరికీ ఉంటుంది. దాని వెనక ఉన్న యాంప్లిఫయర్‌ను, స్పీకర్లను చూసుకొనేవారు ఒకరిద్దరే. ఆ ఒకరిద్దరిలో చేరాలనుకొనేవారి కోసం ఈ నాలుగు మాటలు.

ముందుగా మా పొరపాటు చెబుతాం. ఇదివరకు పనిచేసిన ఊళ్లో వార్షికోత్సవం నాడు, యాంప్లిఫయర్ ఆన్‌లో ఉండగానే మిక్సర్ నుంచి వైరు లాగేశాం. ధబ్బుమని పెద్ద చప్పుడు. ఒక స్పీకర్ మూగబోయింది. పిల్లలు ఎన్నో రోజులు సాధన చేసిన నాటికలో మాటలు వెనక వరసలకు వినబడలేదు. అప్పటి నుంచి ఈ పని నేర్చుకొనే చేస్తున్నాం.

ఎందుకలా జరిగింది? స్పీకర్‌లో అయస్కాంతం నడుమ సన్నని తీగచుట్ట ఉంటుంది. యాంప్లిఫయర్ పంపే కరెంటుకు అది ముందుకూ వెనక్కూ ఊగుతూ, తనకు అతికించిన కాగితపు కోన్‌ను ఊపుతుంది. గాలి కదిలి ధ్వని పుడుతుంది. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ వివరించిన ఈ పద్ధతే నేటికీ ఎక్కువ స్పీకర్లలో ఉంది. మిక్సర్ ఆన్ చేసినా, వైరు లాగినా ఒక చిన్న విద్యుత్ కుదుపు వస్తుంది. యాంప్లిఫయర్ అప్పటికే మేలుకొని ఉంటే ఆ కుదుపును ఎన్నో రెట్లు పెంచి స్పీకర్ మీదికి విసురుతుంది.

అందుకే వరస ముఖ్యం. ముందు వైర్లన్నీ కలపాలి, వాల్యూమ్ సున్నాకు తేవాలి, మిక్సర్ ఆన్ చేయాలి. అన్నిటికన్నా చివర యాంప్లిఫయర్. ఆపేటప్పుడు అన్నిటికన్నా ముందు యాంప్లిఫయర్.

స్పీకర్ వెనక 8 ఓమ్‌లు అని రాసి ఉంటుంది. అలాంటివి రెండు పక్కపక్కన సమాంతరంగా కలిపితే 4 ఓమ్‌లు అవుతుంది, నాలుగు కలిపితే 2. ఓమ్‌లు తగ్గేకొద్దీ యాంప్లిఫయర్ ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. దాని వెనక 4 ఓమ్‌లకు తగ్గరాదని ఉంటే, రెండుతోనే ఆగాలి. ఎరుపు వైరు ఎరుపుకే, నలుపు నలుపుకే. విప్పిన వైరు పోగులు ఒకదానికొకటి తగలకూడదు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ల ఫ్యూజు వేయాలి, తీగ ముక్క చుట్టకూడదు. మూత విప్పే పని పెద్దలది.

చిన్న యాంప్లిఫయర్ పెద్ద స్పీకర్‌ను ఏమీ చేయలేదని చాలామంది అనుకొంటారు. శక్తికి మించి పెంచితే ధ్వని తరంగాల తలలు తెగి, గొంతు బొంగురుపోతుంది. ఆ వేడికి సన్నని ధ్వనులు పలికే చిన్న స్పీకర్ ముందుగా కాలిపోతుంది. క్లిప్ అనే ఎర్రదీపం వెలిగితే వాల్యూమ్ తగ్గించండి.

కోల్‌కతాలో ఇంకో శత్రువు ఉంది, తేమ. వానాకాలంలో ఇక్కడ పుస్తకాల అట్టలకే బూజు పడుతుంది. యాంప్లిఫయర్‌ను గోడకు ఆనించకుండా, చుట్టూ గాలి ఆడేలా పెడుతున్నాం. దాని మీద గుడ్డ కప్పేది చల్లారిన తర్వాతే. దుర్గాపూజ పందిళ్లలోనూ ఇవే పెట్టెలు మోగుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్లు మోగించరాదు. పండుగల వేళ ప్రభుత్వం ఇచ్చే కొద్ది సడలింపు వేరు. చదువుకొనేవారికీ, జబ్బుపడ్డవారికీ ఆ నిశ్శబ్దం అవసరం.

ఇక బదిలీ సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఇంట్లో పాటల పెట్టె ఉంటే, వైర్లకు చీటీలు కట్టి విప్పండి. కోన్ మీద ఏ బరువూ ఆననివ్వకండి. కొత్త ఊరు చేరగానే ఆన్ చేయకండి. చలి ప్రాంతం నుంచి ఉక్కపోతలోకి వస్తే లోపల చెమ్మ పడుతుంది, కొన్ని గంటలు ఆగండి.

అన్నిటికన్నా చివర వచ్చి, అన్నిటికన్నా ముందు వెళ్లే యాంప్లిఫయర్ అచ్చం మనలాంటిదే. తరగతి మొదలయ్యాక వచ్చి చేరతాం, ఏడాది ముగియకముందే వెళ్లిపోతాం. నిరుడు మధ్యలో చేరిన ఒక అమ్మాయికి బెంగాలీ రాదు, స్నేహితులూ లేరు. వైర్లు కలపడానికి మాతో వచ్చేది. ఇప్పుడు ప్రార్థన వేళ మైకు పలకకపోతే అందరూ ఆమె కోసమే చూస్తారు. ఉన్నన్నాళ్లూ ధ్వని బాగా వినిపిస్తే చాలు కదా!