వాలీబాల్ సాధన

సాయంకాలము బడి విడిచిన పిమ్మట గ్రామపాఠశాలల ఆటస్థలములలో తఱచుగా కానవచ్చు దృశ్య మొకటి కలదు. వల కట్టుదురు. 15 మంది బాలురు వరుసగా నిలుతురు. ఒకడు బంతిని లేపును, వరుసలో మొదటివాడు ఎగిరి కొట్టును, తక్కినవారు చూచుచుందురు. బంతి ప్రక్క చేనిలో పడును. దానిని తెచ్చుట కొకడు పరుగెత్తును. ఇంతలో చీకటి పడును. గంటసేపు సాధన చేసితిమని అందఱును సంతోషింతురు. అర నిమిషమున కొక దెబ్బ చొప్పున గంటకు 120 దెబ్బలు. పంచి చూచిన తలకు ఎనిమిది!

ఈ ఆటలో ఒక పక్షమువారు మూడు తాకులకు మించకుండ బంతిని ఆవలికి పంపవలయును. సర్వీసును ముంజేతులపై గ్రహించుట మొదటిది, లిఫ్టరు దానిని వలచెంత లేపుట రెండవది, స్మాషు మూడవది. చూపఱుల చప్పట్లు మూడవదానికే దక్కును. కాని మొదటి తాకు చెడినచో లిఫ్టరు బంతివెంట పరుగిడును. స్మాషరు ఎంతటి బలశాలి యైనను చేయునది లేదు. కావున సాధనలో పెద్ద భాగము మొదటి తాకునకే చెందవలయును.

దీనిని లోకమునకు తెల్లము చేసినవారు జపాను వనితలు. ఒసాకా ప్రాంతమున కైజూకాలో నిచిబో అను వస్త్రసంస్థ మిల్లు ఉండెడిది. అందలి యువతుల జట్టునకు దైమత్సు హిరోబుమి శిక్షకుడు. పొడవునను బలమునను సోవియట్ క్రీడాకారిణులను మించుట అసాధ్యమని యెఱిగి, ఆయన బంతిని నేల తాకనీయకుండుటపై దృష్టి నిలిపెను. ఎటు త్రోసినను మరల లేచి నిలుచు బొమ్మ జపానులో కలదు. మన తంజావూరు బొమ్మవంటిది. దానినిబట్టి ఆయన యొక పద్ధతిని కల్పించెను. క్రీడాకారిణి దూరపు బంతికై దుమికి, దానిని లేపి, భుజముమీదుగా పొరలి తక్షణమే నిలువబడును. 1962లో మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీలలో జపాను జట్టు సోవియట్ జట్టును ఓడించెను. వాలీబాల్ తొలిసారి ఒలింపిక్ క్రీడలలో చేరిన 1964లో, అక్టోబరు 23న టోక్యోలో, ఆ జట్టునే వరుసగా మూడు సెట్లలో గెలిచి స్వర్ణపతకము నందెను.

పగలు ఉద్యోగము చేసిన ఆ యువతులు అర్ధరాత్రము వఱకును సాధన చేసెడివారు. ఆ కాఠిన్యమును ఆనాడే పలువురు నిందించిరి. పెరుగుచున్న పిల్లల దేహములకు అది యెంతమాత్రము తగదు. ఆయననుండి నేర్వదగినది వేఱొకటి. తన జట్టు కొఱత యేదో ముందు కనుగొని, దానికి తగిన అభ్యాసమును ఏర్పఱచెను.

ఆ 15 మంది బాలురకే 90 నిమిషములును 3 బంతులును ఉన్నవనుకొందము. మొదటి 10 నిమిషములు మెల్లని పరుగు, కీళ్ల వ్యాయామము. పిమ్మట ఐదుగురేసి మూడు గుంపులగుదురు. ఒకడు విసరును, ఒకడు గ్రహించి లిఫ్టరు నిలుచు చోటికి పంపును, తక్కినవారు బంతిని పట్టి అందింతురు. అందఱును వంతులవారీగా మాఱుదురు. నిమిషమునకు 10 బంతుల చొప్పున 20 నిమిషములలో తలకు 40 తాకులు లభించును. వలతో పనియే లేదు. బంతిని చేతులలోనికి విసరరాదు. రెండడుగులు కదలినగాని అందని చోట వేయవలయును.

తరువాతి 25 నిమిషములు సర్వీసు మొదలు స్మాషు వఱకు అన్నిటిని కలిపి చేయుదురు. వరుసగా ఐదు సర్వీసులు చక్కగా లిఫ్టరును చేరిన గాని స్థానములు మాఱరాదు. ఐదవది తప్పినచో మరల ఒకటి నుండియే! ఈ నియమము విసుగు పుట్టించును గాని, పోటీనాటి గుండెదడకు బాలురను అలవాటు చేయును.

పిదప 30 నిమిషములు ఆట. సెట్టునకు 25 పాయింట్లు గదా, సున్ననుండి గాక 20-20 నుండి ఆరంభించినచో ప్రతి తప్పును బరువెక్కును. ఆడని ముగ్గురు ఊరక కూర్చుండక తప్పులను వ్రాయుదురు: వలకు తగిలిన సర్వీసు లెన్ని, చెడిన మొదటి తాకు లెన్ని, ఇద్దఱాటగాండ్రు ఒకరి మొగ మొకరు చూచుచుండగా నడుమ పడిన బంతు లెన్ని. పాఠశాల జట్లలో ఈ చివరి తప్పు మిక్కిలి తఱచు. మిగిలిన 5 నిమిషములలో జట్టు నాయకుడు ఆ లెక్కను చదివి వినిపించును. నడుమ పడినవి హెచ్చుగా నున్నచో, మఱునాడు విసరువాడు బంతిని ఇద్దఱి నడుమనే వేయును. అందుకొనువాడు "నాది" అని బిగ్గఱగా పలికి తీసికొనవలయును.