మూత్రమార్గ సంకోచము: చికిత్సల తారతమ్యము

పురుషుల బాధనుగూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుటేల యని కొంద రనవచ్చును. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలలో మగవారు సిగ్గుచే దాచు వ్యాధులలో నిది యొకటి. దానిని ముందుగా కనిపెట్టగలిగినది యిల్లాలే. మా బంధు వొకడు చెప్పుకొన సిగ్గుపడి, ఏటేట కడ్డీలు పెట్టించుకొనుచు ఏడేండ్లు గడపెను.

మూత్రధార సన్నగిల్లుట, ముక్కవలసివచ్చుట, పలుమారు మంటయు జ్వరమును కలుగుట దీని గుర్తులు. వృద్ధులలో ప్రోస్టేటు గ్రంథి పెరిగినను ఇట్లే యుండును గాన పరీక్ష అవసరము. కాళ్లనడుమ దెబ్బ, కటియెముక విరుగుట, గొట్టము వేయునప్పటి గాయము, సుఖవ్యాధి మున్నగువానిచే నాళమున మచ్చకట్టి దారి యిరుకగును. ఉపేక్షించినచో మూత్రపిండములు చెడును.

మొదటి చికిత్స క్రమముగా లావగు కడ్డీలతో దారి సాగదీయుట. ముందుచర్మము బిగిసి మూత్రమార్గము మూసికొనిన రోగమునకు సుశ్రుతుడు నేయి పూసిన నాళమును చొప్పించి, మూడేసి దినములకు మరింత లావైన నాళమును వాడుమనెను. ఇదియు నా జాతి యుపాయమే. రెండవది దుర్భిణిని లోనికి పంపి మచ్చను కోయుట. ఈ రెంటికి ఫలము సమానమని 1997లో వెలువడిన దక్షిణాఫ్రికా పరిశోధన తెలిపెను. రెండును సులభములే, కాని సంకోచము మరల వచ్చుట సామాన్యము, పలుమార్లు చేసినకొలది ఫలము తగ్గును.

మూడవది నాళమును తెరచి బాగుచేయుట. మచ్చ పొట్టిదైనచో కోసి కొనలు కలుపుదురు. పొడుగైనచో బుగ్గలోని పొరను తెచ్చి అతుకుదురు. ఆగ్రాకు చెందిన అసోపా వైద్యుడు 2001లో ఇట్టి పద్ధతి నొకదానిని ప్రకటించెను. కొన్నివారములు గొట్టముండును, నోరు కొన్నినాళ్లు నొచ్చును. పొగాకు నమలువారి బుగ్గపొర చెడియుండవచ్చును గాన ఆ యలవాటును ముందే మాన్పింపుడు.

మరల వచ్చిన సంకోచమునకు కోతయా, పునర్నిర్మాణమా యని బ్రిటనులో జరిపిన పరిశోధన 2020లో వెలువడెను. రెండేండ్లలో ఉపశమనము రెంట సమానముగా నుండినను, మరల శస్త్రచికిత్స కావలసివచ్చుట మూడవ పద్ధతిలో సుమారు సగమునకు తగ్గెను.

కావున మొదటిసారి, పొట్టి సంకోచమైనచో సులభోపాయమే చాలవచ్చును. తిరుగబెట్టినచో, కడ్డీలతో ఏండ్లు గడపక, మందెక్కించి తీయు ఎక్స్‌రేతో పొడవు తెలిసికొని, పునర్నిర్మాణమునుగూర్చి అడుగుడు. కుప్పమున పి.ఇ.ఎస్. వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలోను, తిరుపతి స్విమ్స్‌లోను మూత్రరోగ శాఖలు కలవు. ఇట్టి శస్త్రచికిత్స లెన్ని చేసితిరని వైద్యుని అడుగుట తప్పుగాదు. మగనికి సిగ్గైనచో మీరే అడుగుడు.